వంట క్లాసని చెప్పాం

అమెరికాలో క్యారీ అనే ఊరికి వచ్చిన రెండో ఏడు, వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండిపోయాను. ఆ రోజుల్లోనే మా లైబ్రరీ గోడ మీద ఒక నోటీసు చూశాను. చదవడం రాని పెద్దవాళ్ళకి చదవడం, కాస్త కంప్యూటర్ వాడటం నేర్పే వాలంటీర్లు కావాలట. ఒంగోలులో ఎనిమిదేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. పాఠం చెప్పడం నాకు కొత్త కాదు. కానీ అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళకి నేను ఇంగ్లిష్ చదవడం నేర్పడమేమిటని రెండు వారాలు వెనకాడాను.

"ఫిజిక్స్ చెప్పినదానివి, ఏబీసీడీలు చెప్పలేవా?" అన్నారు మా ఆయన.

"ఆ ఫిజిక్స్ సగం తెలుగులో చెప్పానండీ."

"అప్లై చేసి చూడు. వద్దంటే వాళ్ళే వద్దంటారు."

వాళ్ళు వద్దనలేదు. ఆ కార్యక్రమం చూసుకునే ఆవిడ రిటైరైన ఎలిమెంటరీ స్కూల్ టీచరు. నాలుగు శనివారాలు మాకు ట్రైనింగ్ ఇచ్చింది. ఆవిడ చెప్పినవాటిలో ఒక మాట నాకు బాగా గుర్తుండిపోయింది. మన దగ్గర నేర్చుకునేవాళ్ళు బజార్లో కనబడితే, వాళ్ళు పలకరించేదాకా మనం పలకరించకూడదు. "చాలామంది ఇంట్లో కూడా చెప్పకుండా వస్తారు. పక్కనున్నవాళ్ళు నిన్నెలా తెలుసని అడిగితే వాళ్ళేం చెప్పుకుంటారు?" అంది.

నాకు అప్పగించినావిడకి యాభై ఎనిమిదేళ్ళు. పొడగరి. ఒక స్కూలు వంటశాలలో ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. మొదటి రోజు కుర్చీలో కూర్చుంటూనే, "మా కిచెన్‌లో ఇప్పుడంతా కంప్యూటర్ పెడుతున్నారు. అదొక్కటి నేర్పు చాలు," అంది. చదవడం మాటే ఎత్తలేదు.

సరే అని కంప్యూటర్ ముందే కూర్చున్నాం. తన పేరు టైప్ చేయమన్నాను. ఆవిడ కీబోర్డు వంక చాలాసేపు చూసింది. తనకి తెలిసినవి కాగితం మీది చిన్న అక్షరాలు. కీబోర్డు మీద ఉన్నవన్నీ పెద్దక్షరాలు. ఆ రెండూ ఒకటేనని కొన్నింటి విషయంలో తెలుసు, కొన్నింటి విషయంలో తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇంటికి వెళ్ళి తెల్ల స్టిక్కర్ల మీద చిన్నక్షరాలు రాసి, మరుసటి క్లాసుకి ఒక పాత కీబోర్డు నిండా అంటించి తీసుకెళ్ళాను. ఆవిడ వాటిని వేలితో ఒక్కొక్కటే తడిమి, "ఇది నా కోసం చేశావా?" అంది. ఆ రోజే మెల్లగా పుస్తకం కూడా తెరిచాం.

నా ఉచ్చారణ గురించి నేను పడ్డ భయం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకసారి పెన్, పిన్ రెండూ రాసి చదవమన్నాను. రెండింటినీ పిన్ అనే చదివింది. నేను విడదీసి పలికాను. "నేనూ అదే అన్నాను కదా హనీ," అంది. నేను మళ్ళీ పలికాను. ఆవిడ మళ్ళీ అదే అంది. అటుగా వెళుతున్న, మాకు ట్రైనింగ్ ఇచ్చిన టీచరు ఆగి, "ఇక్కడ పుట్టినవాళ్ళకి ఆ రెండింటికీ తేడా వినబడదమ్మా. నాకూ వినబడదు. వదిలెయ్," అని వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను వెస్ట్ అంటే చొక్కా మీద తొడుక్కునేదా, పడమరా అని ఆవిడ మొహమాటం లేకుండా అడిగేది.

ఒకరోజు మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగింది.

"పొగాకు," అన్నాను.

పెన్సిల్ కింద పెట్టేసింది. "పొగాకా? కర్రలకి కట్టి బార్న్‌లో వేలాడదీసి ఎండబెట్టేదా?"

మా మేనత్త వాళ్ళకి ఆకు ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉండేవి. సెలవుల్లో వెళితే ఆకులు రెండేసి మూడేసి పోగుచేసి అందించడం పిల్లల పని. చేతులకి అంటిన నల్ల జిగురు మట్టి పెట్టి రుద్దినా పోయేది కాదు. ఆ మాట చెప్పాను.

"పచ్చి టమాటా కోసి రుద్దాలి," అంది వెంటనే. "మేం అలాగే చేసేవాళ్ళం. నీకు సెలవుల్లో పని. నాకు బడి రోజుల్లో. ఇక్కడ బడులు తెరిచేది ఆగస్టులో, ఆకు కోతకొచ్చేదీ ఆగస్టులోనే. బార్న్‌లు ఖాళీ అయ్యాక బడికి వెళితే అప్పటికే క్లాసు ఎక్కడికో పోయేది. నాలుగో క్లాసు తర్వాత ఇక వెళ్ళలేదు."

ఇంట్లో ఉత్తరాలూ బిల్లులూ అన్నీ భర్త చదివేవాడట. ఆయన పోయి మూడేళ్ళయింది. ఒక్కతే కూతురు. కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది, డెంటల్ క్లినిక్‌లో ఉద్యోగం. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు. కళ్ళు సరిగా కనబడవని చెప్పి నెట్టుకొస్తోంది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక శనివారం నేను సూపర్‌మార్కెట్‌లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే, ఎదురుగా ఆవిడా, ఆవిడ పోలికలతోనే ఉన్న ముప్పై ఏళ్ళ అమ్మాయీ వస్తూ కనబడ్డారు. ట్రైనింగ్‌లో చెప్పింది గుర్తొచ్చి తల వంచేసుకున్నాను. కానీ ఆవిడ నోరు ఊరుకోలేదు. "హే హనీ," అనేసింది. అనేశాక గతుక్కుమంది.

"ఎవరమ్మా?" అంది కూతురు.

"లైబ్రరీలో... వంట క్లాసు. ఈ అమ్మాయి నాకు ఇండియన్ వంట నేర్పుతోంది."

"అదా సంగతి. మంగళవారం, గురువారం ఫోన్ ఎత్తవేంటా అనుకున్నా. ఎవరో బాయ్‌ఫ్రెండ్ దొరికాడనుకున్నా." ఆ అమ్మాయి నా వైపు తిరిగి చెయ్యి కలిపింది. "అయితే మాకెప్పుడు తినిపిస్తారు?"

"వచ్చే ఆదివారం," అంది తల్లి. నేను ఉల్లిపాయ చేత్తో పట్టుకుని తల ఊపాను.

మంగళవారం ఆవిడ క్లాసుకి రావడమే తల దించుకుని వచ్చింది. "నిన్ను అబద్ధంలోకి లాగాను. నువ్వు రానవసరం లేదు. ఏదో ఒకటి చెప్పుకుంటా."

"ఎందుకు, నిజంగానే నేర్పుతా. అప్పుడది అబద్ధం కాదు కదా," అన్నాను. అలా అన్నానేగానీ నాకూ లోపల బెరుకుగానే ఉంది. ఒకరి ఇంటి గుట్టులో నేను వేలుపెడుతున్నానా అనిపించింది.

గురువారం క్లాసు మా అపార్ట్‌మెంట్‌లో పెట్టుకున్నాం. నిమ్మకాయ పులిహోర. సులువైనది, చెడిపోదు, కొత్తవాళ్ళూ ఇష్టంగా తింటారు. చేసే విధానం ఒక అట్టముక్క మీద ఇంగ్లిష్‌లో పెద్దపెద్ద అక్షరాలతో, వరస నెంబర్లు వేసి రాశాను. ఆవిడ చదవాలి, చదివినదాన్ని మేం చేయాలి. అదీ పాఠం. అన్నం, ఉప్పు, నూనె గడగడా చదివేసింది. ఆవాల దగ్గర ఆగింది. పసుపు దగ్గర మరీ ఆగింది. "ఈ మాటని నేనెప్పుడూ తినలేదు," అని నవ్వింది.

నాలుగో లైనులో వేరుశెనగ గుళ్ళు వేయించమని రాశాను. ఆవిడ ఆ మాట దగ్గర కూడబలుక్కోలేదు. చూస్తూనే పీనట్స్ అంది. వేలు ఆ మాట మీదే ఉంచేసింది. నేను పొయ్యి తగ్గించాను.

"ఈ మాట నాకు తెలుసు. చదివి కాదు, రూపాన్ని బట్టి. కిచెన్‌లో ఏ పిల్లాడికి ఏది పడదో గోడకి కాగితం ఉంటుంది. పక్కనామె పైకి చదివితే విని గుర్తుపెట్టుకునేదాన్ని. ఒకరోజు ఆమె రాలేదు. ఆ రోజే కాగితం మార్చారు. వేరుశెనగ పడని ఒక కొత్త పిల్లకి ప్లేటు అందించాక గానీ నాకు అనుమానం రాలేదు. వెళ్ళి లాక్కున్నాను. అందులో వేరుశెనగ ఏమీ లేదు, మామూలు చికెనే. కానీ ఉండి ఉంటే? మర్నాడు లైబ్రరీకి వచ్చాను." మళ్ళీ తనే, "కంప్యూటర్ కోసమని నీకు చెప్పాను. అదీ నిజమేలే," అంది.

"గుళ్ళు మాడిపోతాయి, కలపండి," అన్నాను. ఆవిడ కలిపింది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మా ఆయన వస్తానన్నారు గానీ, "వద్దండీ, ఇప్పటికే అక్కడ ఒక అబద్ధాలకోరు ఎక్కువైంది," అని ఆపేశాను. పులిహోర ఆవిడే ఒంటిచేత్తో చేసింది. నిమ్మరసం ఒక చెక్క ఎక్కువైనా కుదిరింది. కూతురు రెండోసారి వడ్డించుకుని, "అమ్మా, ఇది నేను క్లినిక్‌కి పట్టుకెళ్ళాలి. ఎలా చేయాలో చెప్పు, ఫోన్‌లో ఎక్కించుకుంటా," అంది.

"అట్టముక్క ఉంది," అని ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"నా చేతులు జిడ్డుగా ఉన్నాయి. నువ్వు చదువు. నేను ఈ ఒక్క వేలితో కొడతా."

ఆవిడ నా వంక చూసింది. నేను చదువుతానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అట్టముక్క దగ్గరికి లాక్కుని, మొదటి మాట కింద వేలు పెట్టింది. చదివింది. ఒక్కో మాటా విడివిడిగా, క్లాసులో చదివినట్టే చదివింది. రెండో లైను. మూడో లైనులో పసుపు అన్న మాటని తప్పు పలికి, వెనక్కి వచ్చి, దిద్దుకుని మళ్ళీ పలికింది. అప్పటికి కూతురి వేలు ఫోన్ మీద కదలడం ఆగిపోయింది.

"ఎందుకమ్మా అలా చదువుతున్నావు?"

"నాకు ఇలాగే వచ్చు. ఇది కూడా ఈ మధ్యే వచ్చింది. ఈ అమ్మాయి నాకు నేర్పేది వంట కాదు."

ఆ అమ్మాయి ఫోన్ బల్ల మీద పెట్టేసింది. తర్వాత అంది, "నీకు రెండు జతల కళ్ళజోళ్ళు కొన్నాను."

"కొన్నావు."

"నా రిపోర్ట్ కార్డులన్నీ నువ్వే సంతకం పెట్టావు. ఇది బాగుంది, ఇది బాలేదు అని కూడా చెప్పేదానివి."

"కార్డు చూసి కాదమ్మా, నీ మొహం చూసి చెప్పేదాన్ని."

కూతురు కుర్చీ వెనక్కి నెట్టి లేచి, బయట వరండాలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడు గట్టిగానే వినిపించింది. ఆవిడ కదల్లేదు. నేను ప్లేట్లు సర్దబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ రోజు సూపర్‌మార్కెట్‌లో ఉల్లిపాయలు వదిలేసి అవతలికి పోయి ఉంటే ఇంత జరిగేది కాదు కదా అనుకున్నాను. ఓ పది నిమిషాలు అలాగే గడిచాయి. అవతల వాకిట్లో ఎవరో గడ్డి కోస్తున్న మిషను శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి ముక్కు ఎర్రగా ఉంది. నేరుగా సింకు దగ్గరికి వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వచ్చి తల్లి పక్క కుర్చీలో కూర్చుంది. ఫోన్ తీసుకుంది.

"నాలుగో నెంబరు నుంచి చదువు. అక్కడి నుంచి నేను కొట్టలేదు."

ఆవిడ చదివింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, అందించలేదు. మాట పూర్తయ్యేదాకా ఆగి, పూర్తయ్యాకే టైప్ చేసింది. ఆరు నెంబర్లూ అయ్యేసరికి బహుశా పావుగంట పట్టి ఉంటుంది. నా జీవితంలో ఏ క్లాసులోనూ అంత నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని కూర్చోలేదు.

నేను బయల్దేరేటప్పుడు కూతురు కారు దాకా వచ్చింది. "నాన్నకి తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. "అయితే మంచిదే. పాపం, ఇదంతా అమ్మ ఒక్కతే మొయ్యలేదన్నమాట," అంది. నాకు ఏదో చెప్పబోయి, ఊరికే భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

కారు సందు చివరిదాకా పోనిచ్చి పక్కన ఆపాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. వీపు మీద నుంచి ధాన్యం బస్తా దింపినట్టు ఉంది, అంతే. మా ఆయనకి ఫోన్ చేసి, "అయిపోయిందండీ," అన్నాను.

"ఏమైపోయింది?"

"అబద్ధం. ఇక చెప్పక్కర్లేదు."

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. ఎవరికీ తెలియకూడదన్న దిగులు పోయాక ఆవిడ ఇంట్లో కూడా చదవసాగింది. కూతురు ఆదివారాలు వచ్చి కూర్చునేది. కిచెన్‌లో కంప్యూటర్ పెట్టేనాటికి లాగిన్ అవడం, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో అందులో ఎక్కించడం స్టిక్కర్లు లేని కీబోర్డు మీదే చేయగలిగింది. నెమ్మదిగానే, కానీ ఎవర్నీ పిలవకుండా.

ఒక రోజు పొద్దున పదింటికి ఫోన్ చేసింది. వెనక పళ్ళేల చప్పుడు వినబడుతోంది.

"పిల్లలకి పడనివాటి కొత్త లిస్టు వచ్చింది. కంప్యూటర్‌లో. మొత్తం నేనే చదివాను."

"అన్నీ వచ్చాయా?"

"ఒక్కటి రాలేదు. ఎస్‌తో మొదలై చివర 'ఈ' అక్షరం ఉంది. సెసమీ, నువ్వులట."

"మరేం చేశారు?"

"పక్కనామెని అడిగాను. ఈ మాటేంటో నాకు రావడం లేదు, చెప్పవా అన్నాను. చెప్పింది. చెప్పి తన పని తను చేసుకుంది హనీ. ఏమీ అనలేదు."