సూరమ్మ మామ్మ జడ

నిన్న ఆటోలో పక్కనామె తలలోంచి ఆముదం వాసన రాగానే, మల్కాపురంలో మా వీధి చివర ఒంటరిగా ఉండే సూరమ్మ మామ్మ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆదివారం చర్చి అవగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లేది. బైబిల్ సంచిలోంచే ఆముదం సీసా, దువ్వెన తీసి, చిక్కు విప్పి జడ వేసేది. మామ్మ మాత్రం ప్రతి వారం మమ్మల్ని ఎగాదిగా చూసి, “ఎవులమ్మా మీరు?” అనేది. అమ్మ ప్రతిసారీ ఓపిగ్గా పేరు చెప్పేది.

థ్యాంక్స్ చెప్పడం ఇష్టంలేక ఆవిడ నాటకమాడుతోందని నా అనుమానం. ఒక ఆదివారం మొండికేశాను.

“నాను రాను. మనల్ని గుర్తు కూడా ఎట్టుకోదు. ఆవిడికెందుకు సేత్తన్నావ్?”

అమ్మ పకపకా నవ్వింది. “పెబువు శిష్యుల కాళ్లు కడిగి, థ్యాంక్స్ కోసం నిలబడ్డాడేటే? పద.”

ఆ రోజు జడ నాచేతే వేయించింది. వంకరగా వచ్చింది. మామ్మ అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

“సూడమ్మా, ఈ వయసులో కూడా జడ ఎంత బాగా ఏసుకున్నానో!”

నేను నోరు తెరిచేలోపే అమ్మ, “అవును మామ్మా, సానా బాగుంది” అంది.

అది మతిమరుపు జబ్బని పెద్దయ్యాక తెలిసింది. కానీ ఆ మురిపెం చూశాక, ఆ జడ నేనే వేశానని చెప్పాలని మాత్రం నాకు మళ్లీ అనిపించలేదు.