లాంక్లాత్ తెర మీద చుట్టం

మే నెలలో బాబుపేట్ మధ్యాహ్నం తెల్లగా ఉంటుంది. రోడ్డు తెల్లగా, గోడలు తెల్లగా, ఆకాశం ఉతికి ఆరేసి మరిచిపోయిన పంచెలా. ఒంటిగంట దాటితే దుకాణాల షట్టర్లు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. నాలుగు కొట్టేదాకా మళ్ళీ లేవవు. ఆ వేళంతా ఊరు కూలర్ల ముందు వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఈ మరాఠీ ఊరు చంద్రపూర్‌లో వేసవి పగలంటే రెండు ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ. ఆదివారం పూట ఆ కుట్టు విప్పి చూస్తే లోపల అనంతరావు వేసే సినిమా నడుస్తూ ఉంటుంది.

అనంతరావుది బట్టల దుకాణం. తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి బట్టల మూటతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బేరంలో హిందీ. తెలుగు అక్షరాలు ఆయనకు దూరపు బంధువుల్లాంటివి. ముఖం గుర్తుపడతాడు గానీ పేరు చెప్పడానికి కాస్త ఆగాలి. గుడ్డ తాను విప్పడం, మీటరు కర్ర పెట్టి కొలవడం, కత్తెర ఒక్క గుంజుతో చివరిదాకా పోనివ్వడం ఆయన పని. దుకాణాన్ని నడిపేది మాత్రం వదిన కాంతమ్మ. అన్న పోయాక గల్లా పక్కన కూర్చున్న మనిషి. ఆమె ఔనంటే ఔను, కాదంటే ఆ మాట మళ్ళీ ఎత్తేవాళ్ళు లేరు.

సినిమాల పిచ్చి ఆయనకు ముసలితనం మొదట్లో పట్టుకుంది. మోకాలికి ఆపరేషనై మంచం మీద ఉన్న రోజుల్లో, కాంతమ్మ కోడలు పల్లవి తన ఫోనులో ఏదో పెట్టి చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. పల్లవి ఊర్జానగర్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ సినిమాలో పాటలు లేవు, తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. ఒక గొర్రెలకాపరి వానకోసం చూస్తున్నాడు. అంతే. వాన వచ్చింది. గొర్రెలు తడిశాయి. అనంతరావు కళ్ళు కూడా తడిశాయి. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద సినిమానా అని ఆశ్చర్యపోయాడు. పల్లవి వచ్చాక, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

ఉన్నాయి. పెద్ద కంపెనీల నీడ పడని చోట, నలుగురు స్నేహితులు కలిసి తీసుకున్న సినిమాలు, వాన వెలిశాక పుట్టగొడుగుల్లా అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. ఒకరితో ఒకరు మాటలు మానేసి కూడా ఒకే అద్దంలో చూసి గడ్డాలు గీసే ఇద్దరు మంగలివాళ్ళ నవ్వులాట ఒకటి. తప్పిపోయిన మేక జాడ పట్టుకుని ఊరి గుట్లన్నీ బయటపెట్టే పోస్టుమాన్ కథ ఒకటి. తేనెపట్టుల వెంట ఏడాదంతా తిరిగిన ఒక ముసలామె గురించి, కల్పన ఏమీ లేకుండా తీసిందొకటి. పాత రేడియోలో నక్షత్రాల మాటలు వినబడుతున్నాయని నమ్మిన పంతులమ్మది ఇంకొకటి. అనంతరావు వాటిని వెతకడంలో పడ్డాడు. తీసినవాళ్ళకు పల్లవి చేత జాబులు రాయించేవాడు. మా బట్టల దుకాణంలో ఇరుగుపొరుగు కూర్చుని చూస్తారు, చూపించమంటారా అని. చాలామంది సంతోషంగా ఒప్పుకునేవారు. ఒకాయన మీ దుకాణం ఫోటో పంపండి చాలు అన్నాడు.

అలా దుకాణం వెనక భాగం టాకీసు అయింది. చీరలు చూపించడానికి తెల్ల దుప్పటి పరిచిన గాదీ పరుపు ఉండనే ఉంది. గోడకు తెల్లని లాంక్లాత్ నూలుగుడ్డ తెర, ముడతలు పడకుండా కింద మీటరు కర్ర బరువు, ఎదురుగా చిన్న ప్రొజెక్టర్. కూలరు నుంచి తడిసిన వట్టివేళ్ల వాసన. సగం దించిన షట్టరు కింద నుంచి ఎండ, లోపలికి రావాలా వద్దా అని తొంగిచూసే పిల్లిలా. తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు అక్కడ చదివేది పల్లవి ఒక్కతే. కాబట్టి ఆమె కూలరు చప్పుడు మీదుగా తెలుగులో చెబుతుంది. కరెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మారుతి కోసం నడుమ ఒక వాక్యం మరాఠీలో విసురుతుంది. ఆలస్యమైతే మారుతి ఊరుకోడు. "మలా పణ్ సాంగ్ న, బేటా," అని నాకూ చెప్పమ్మా అన్నట్టు గొడవ పెడతాడు.

ఇక సినిమా ఎంచుకునే పద్ధతి. బట్టల వ్యాపారి గుడ్డ తానును పై మడత చూసి కొనడు. పై మడత పది చేతుల్లో నలిగి ఉంటుంది, లేదా గంజి పెట్టి మెరిపించి ఉంటుంది. వేళ్ళు లోపలికి పోనిచ్చి నడిమి మడత లాగి, బొటనవేలితో రాసి చూస్తాడు. అనంతరావు సినిమానూ అలాగే చూసేవాడు. సరిగ్గా నడుమ నుంచి కాసేపు. అక్కడ మనుషులు నిజంగా నీళ్ళు తాగితే, నిజంగా అలసిపోతే, అది మంచి సరుకు. మిగతాది ముందే చూడడు. కొత్త తాను పదిమంది ముందు విప్పడంలో ఉన్న సుఖం ఒంటరిగా విప్పడంలో లేదని ఆయన నమ్మకం.

ఈ వేసవిలో కాంతమ్మ కాదనడానికి సిద్ధమైంది.

"పెండ్లిళ్ళ కాలం," అంది ఒక శుక్రవారం, గల్లా పెట్టె మూస్తూ. "విరూర్ దిక్కు నుంచి రైలు దిగి వచ్చేటోళ్ళు మధ్యాన్నంకే వస్తరు. మన షటరు సగం చూసి, ఈ నెల మధ్యాన్నం సుత తెరిచే ఉంచుతున్న ముంగట దుకాణంల పడుతుండ్రు. గాదీ తీసి అక్కడ నైటీలు పెడదాం, అనంతూ."

"ఒక్క సినిమా చూడు, వదినె. చూసి చెప్పు."

"గా టైముల నాకు నిద్రొస్తది."

"రాకుంటే?"

కాంతమ్మ నవ్వింది. "రాకుంటే నీ సినిమా నడుస్తది. కన్ను మూతపడ్డదంటే మాత్రం నైటీలే. ఇంకోటి యాది పెట్టుకో. దయ్యాల సినిమా వద్దు. లక్ష్మీదేవి పటం ముంగట అసొంటివి ఆడితే నేను సగంలనే బంద్ చేపిస్త."

మధ్యాహ్నం భోజనం తర్వాత కాంతమ్మ నిద్ర ఊరంతా ఎరిగింది. రైలు కూతకు లేవదు, పెళ్ళి బ్యాండుకు లేవదు. అనంతరావు రెండు రోజులు ఫోను కిందపెట్టలేదు. గొర్రెలకాపరి అయితే వాన వచ్చేలోపు ఆమె గురక వస్తుంది. నక్షత్రాల పంతులమ్మ మరీ మెల్లగా మాట్లాడుతుంది. చివరికి ఎక్కడో కొండల్లో, ఆయనకు పేరైనా తెలియని భాషలో తీసిన సినిమా దొరికింది. అలవాటు ప్రకారం నడిమి మడత లాగాడు. పొయ్యి దగ్గర అత్త వడ్లు చెరుగుతూ కోడల్ని తిడుతోంది. కోడలు మూతి తిప్పుతోంది. పక్కన చుట్టంలా ఉన్న ఒకామె మగ్గం ముందు కూర్చుని మాట్లాడకుండా నవ్వుతోంది. అత్తాకోడళ్ళ తగువు. ఇంతకంటే వదినకు ఏం కావాలి అనుకుని తేలికపడ్డాడు.

ఆదివారం కాంతమ్మ గాదీ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఒరగడానికి మెత్త కూడా వద్దంది. పందెం న్యాయంగా ఉండాలని.

సినిమా మొదలైంది. కొండ మీద మంచు, ఒక పాడె, దాని వెనక నడిచే మనుషులు. పల్లవి కింది అక్షరాలు చదివి గొంతు సవరించుకుంది. అనంతరావు వైపు చూసింది. ఆ చూపులో ఏదో ఉందని ఆయనకు చీకట్లోనే తెలిసింది. పాడె మీద మనిషి ముఖం మీది గుడ్డ తొలగింది. నడిమి మడతలో మగ్గం ముందు కూర్చుని నవ్విన మనిషి అది.

"ఎవరు పోయిండ్రు?" అంది కాంతమ్మ.

"ఎవలో... ఊరోళ్ళు, అత్తమ్మా," అంది పల్లవి.

కాసేపటికి పోయిన మనిషి తలుపు తీసుకుని ఇంట్లోకి వచ్చింది. మగ్గం ముందు కూర్చుంది.

"మరి గీమె?"

"చుట్టం అత్తమ్మా. పోయినామె చెల్లె. ఒక్క తీరుగ ఉంటరు."

పల్లవి ఆరోజు రెండు సినిమాలు నడిపింది. ఒకటి తెర మీద, ఒకటి నోటితో. తెర మీద కొండవాళ్ళు గుసగుసలాడి దండం పెట్టుకుంటుంటే, పల్లవి వాళ్ళ చేత బియ్యం ధర మాట్లాడించింది. ఒకచోట కోడలు కెవ్వుమని అరిచి గిన్నె వదిలేస్తే, బల్లిని చూసిందంది. మారుతికి మరాఠీలో కూడా బల్లే దొరికింది. అతను కొంచెం అనుమానంగా తల ఊపాడు.

అప్పుడే షట్టరు కింద రెండు జతల చెప్పులు ఆగాయి. పోశన్న, అతని భార్య. విరూర్ నుంచి బిడ్డ పెళ్ళి బట్టలకు వచ్చారు. "దుకాణం ఉన్నదా?" అని వంగి అడిగాడు పోశన్న.

ఇక సినిమా ఆపి బేరానికి పోవాల్సిందేనని అనంతరావు లేవబోయాడు. కాంతమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఉన్నది. లోపలికి రండ్రి. చప్పుడు చెయ్యకుండ కూసోండ్రి," అంది.

వాళ్ళు సంచులు ఒళ్ళో పెట్టుకుని గాదీ అంచున కూర్చున్నారు. కూలరు తిరుగుతోంది. తెర మీద పొయ్యి వెలుగులో అత్త అందరికీ అన్నం వడ్డిస్తోంది.

"పల్లవీ," అంది కాంతమ్మ.

"ఆఁ, అత్తమ్మా."

"ఆ చుట్టం వచ్చినకాడినుంచి ఒక్క ముద్ద తినలే."

"ఉపాసం, అత్తమ్మా."

"నీళ్ళు సుత తాగలే."

"గట్టి ఉపాసం."

పోశన్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంతమ్మ ముందుకు వంగింది. "అందరి నీడ గోడ మీద పడుతున్నది. ఆమెది పడతలేదు. ఉపాసముంటే నీడ సుత పోతదా? చచ్చిపోయింది గదనే అది. అబద్ధాలొద్దు, ఖరే చెప్పు."

పల్లవి తల వంచుకుంది. "అవును అత్తమ్మా. ఆమె పెద్ద కోడలు."

అనంతరావు లేచి ప్రొజెక్టర్ వైపు నడిచాడు. తెర ఊడదీస్తే గోడ మీద మిగిలే రెండు మేకులు ఆయనకు అప్పుడే కనబడుతున్నాయి. పెండ్లిళ్ళ కాలంలో, లక్ష్మీదేవి పటం ముందు, తన చేత్తోనే ఒక చావును ఆడించాడు. వేలు బటన్ మీద పెట్టాడు.

"ఏడికి పోతున్నవ్?" అంది కాంతమ్మ.

"బంద్ చేస్తున్న, వదినె. తప్పయింది. నడుమల చూసి తెచ్చిన."

"కూసో. ఎందుకొచ్చిందో తెల్వకుండ ఎట్ల బంద్ చేస్తవ్? నాకు రేపట్నుంచి నిద్ర వస్తదా?" కోడలి వైపు తిరిగింది. "నువ్వు మొదటికెళ్ళి చెప్పు. ఈసారి బల్లులు వద్దు."

పల్లవి చెప్పింది. పెద్ద కోడలు మగ్గం మీద ఒక దుప్పటి సగం నేసి పోయింది. దాన్ని కోయడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. అందుకే ఆమె రోజూ సాయంత్రం వచ్చి నాలుగు పోగులు నేసిపోతోంది. అత్తకు తెలుసు. తెలిసే తిడుతోంది. పోగు వంకర పోయిందని, రంగు కుదరలేదని. తిట్టు పడినన్నాళ్ళు కోడలు సరిచేయడానికి మళ్ళీ వస్తుందని ఆమె ఆశ. చిన్న కోడలికి నెలలు నిండాయి. పుట్టే బిడ్డకు దుప్పటి కావాలి, ఇక పెద్దదాన్ని పోనివ్వాలి. బిడ్డ పుట్టిన రోజు సాయంత్రం అత్త కత్తెర తీసుకుని మగ్గం దగ్గరికి వచ్చింది.

గుడ్డ తెగే చప్పుడు ఆ దుకాణంలో రోజూ వినబడేదే. అయినా అది తెర మీంచి వచ్చినప్పుడు గాదీ మీద అందరూ తెర వైపు జానెడు జరిగారు. సగం దుప్పటిలో పసికందును చుట్టారు. మగ్గం ముందు కూర్చున్న పెద్ద కోడలు లేచి, అత్త భుజం మీద వేళ్ళు ఆనించి, మంచులోకి నడిచిపోయింది. పోగొక్కటి ఆమె కొంగుకు చిక్కుకుని కాస్త దూరం వెంట వెళ్ళింది.

లైటు వేశారు. మారుతి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. పోశన్న భార్య పెళ్ళి బట్టల సంగతి మరిచి కూర్చుంది. కాంతమ్మ కళ్ళు నిండుగా, పూర్తిగా తెరిచి ఉన్నాయి.

"దయ్యం ఉన్నది గద, వదినె," అన్నాడు అనంతరావు మెల్లగా. ఏ తీర్పైనా ముందే వినేయాలని.

"దయ్యమేంది. ఇంటి కోడలు," అంది కాంతమ్మ, మోకాళ్ళ మీద చేతులు వేసి లేస్తూ. "నైటీలు మెట్ల కిందికి సదురు. షటరు సగం కాదు, పూరా ఎత్తి పరదా కట్టు. వచ్చేటోళ్ళు లోపలికొచ్చి కూసుంటరు. ఇంకో మాట. నడుమల చూసుడు బట్టలకు సరే. సినిమా మొదటికెళ్ళి చూడు. ఈ పిల్ల నోరు ఎంత తిరగాలె?"

పల్లవి పకపకా నవ్వింది. పోశన్న దంపతులకు కాంతమ్మ ఆ రోజు చీరల మీద చీరలు తీసి చూపించింది.

సోమవారం అనంతరావు మోకాలి డాక్టరు దగ్గర ఆలస్యమై దుకాణానికి వచ్చేసరికి గాదీ మీద చీరలు పరచి ఉన్నాయి. ఎదురింటి రాజక్క బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నిన్న చుట్టాలొచ్చి సినిమాకు రాలేకపోయింది. కాంతమ్మ చెబుతోంది. చేతులు చీర మడత విప్పుతున్నాయి, కళ్ళు ఎక్కడో కొండల్లో ఉన్నాయి.

"...అప్పుడు ఆ పోయిన పిల్ల అంటది, అత్తమ్మా, నువ్వు తిట్టకుంటే నాకు పొద్దుపోదు అంటది."

ఆ పిల్ల సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడలేదు. కాంతమ్మ కథలో అత్త వడ్లు చెరగడం లేదు, మిరపకాయలకు తొడిమెలు తీస్తోంది. మంచు లేదు. వాకిట్లో వేపపూలు రాలుతున్నాయి. పసికందుకు పేరు కూడా పెట్టేశారు. ఇది అనంతరావు ఎక్కడా చూడని సినిమా. ఏ ఊళ్ళోనూ ఎవరూ తీయనిది. ఆయన చెప్పులు విడిచి, రాజక్క వెనక గాదీ అంచున చప్పుడు చేయకుండా కూర్చున్నాడు.

"అట్ల కూసున్నవేంది, అనంతూ?" అంది కాంతమ్మ. "పై అరలకెళ్ళి ఆ ఆకుపచ్చ చీరలు తియ్యి. రాజక్క అడుగుతున్నది."

ఆయన లేచాడు. చీరలు చేతికందేంత దగ్గరలోనే ఉన్నాయి. కానీ కాంతమ్మ కథలో కత్తెర ఇంకా అత్త చేతికి రాలేదు. కాబట్టి ఒక్కొక్క చీరనూ దుమ్ము దులుపుతూ, మడత సరిచేస్తూ, నెమ్మదిగా దించాడు.