పర్సిస్ బ్యాగ్‌లో ఖాళీ

చిన్న బ్యాగ్ ఒక్కటే పట్టుకుని విమానమెక్కే మనిషిని చూస్తే మనవాళ్ళకి చేతులు ఊరుకోవు. అంత చెక్-ఇన్ సామాను చోటు వృథా అయిపోతోందే అని ప్రాణం కొట్టుకుంటుంది. తేలిగ్గా వెళ్తోంది కాబట్టి మన బరువు మోయడానికే వెళ్తోందని ఎలా తోస్తుందో, ఎవరు నేర్పారో తెలీదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే పర్సిస్‌ని ఎనిమిదేళ్ళుగా కాల్చుకు తింటున్నది ఇదే.

పర్సిస్ వారమంతా ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిళ్ళు చూస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే శనివారాలు పెళ్ళికూతుళ్ళకి చీరలు కడుతుంది. డాలస్‌లోనే కాదు, ఎవరు పిలిస్తే ఆ ఊరికి వెళ్తుంది. చీరలు రెండు వారాల ముందే ఆమె ఇంటికి వచ్చేస్తాయి. వాటిని డైనింగ్ టేబుల్ మీద పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, పైట మడతలు సరిచేసి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి, పల్చటి నూలుగుడ్డలో చుట్టి బ్యాగ్‌లో పెడుతుంది. ఒక్కో చీరకి గంటన్నర. అక్కడికెళ్ళాక కట్టడం మాత్రం పది నిమిషాల పని.

ఆ బ్యాగ్ ఆమె చెయ్యి దాటదు. మొదట్లో ఒకసారి చెక్-ఇన్ చేస్తే బ్యాగ్ ఇంకో ఊరికి పోయింది. ఆ పెళ్ళికూతురు పిన్ని చీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్ళని పర్సిస్ మర్చిపోలేదు. అప్పట్నించీ సర్వం ఆ ఒక్క బ్యాగ్‌లోనే. పిన్నులు పాత మాత్రల డబ్బాలో, చిన్న స్టీమర్ ఓ మూల. బరువైన బూట్లు కాళ్ళకి, కోటు ఒంటికి. ఇంత సర్దాక తనకంటూ మిగిలేది జానెడు చోటు.

పార్సిప్పనీలో అవని పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఆ జానెడు చోటులో తన నెమలికంఠం పట్టుచీర పెట్టుకుంది. అవని ఫోన్ చేసి మరీ చెప్పింది.

"ఆంటీ, ఈసారి యూ ఆర్ మై గెస్ట్, ఓకే? మంచి చీర కట్టుకోవాలి. మా టేబుల్‌లో కూర్చోని తినాలి. ప్రామిస్?"

వందమందికి పైగా పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసిన మనిషిని ఒక్కళ్ళు కూడా పక్కన కూర్చోమన్న పాపాన పోలేదు. అమెరికాలో పుట్టి పెరిగిన ఈ పిల్లకి తోచింది. పర్సిస్ ప్రామిస్ చేసింది. ఆ చీరకి జాకెట్టు కూడా కొత్తగా కుట్టుకుంది.

శుక్రవారం సాయంత్రం ఫ్రిస్కో నుంచి జ్ఞానప్రసూన కారేసుకుని దిగింది. చేతిలో పెద్ద స్టీలు డబ్బా. ఆవిడ కొడుకు మానవ్ పార్సిప్పనీలో ఉద్యోగం చేస్తున్నాడు, అవని పెళ్ళికి ఎలాగూ వస్తాడు.

"మీ చెక్-ఇన్ ఖాళీయే కదా పర్సిస్ గారూ! సున్నుండలు. మావాడికి ప్రాణం."

"నేను చెక్-ఇన్ చేయనండీ. క్యారీ-ఆన్ ఒక్కటే."

"మరీ మంచిది. మీ చేతిలోనే భద్రంగా ఉంటుంది."

"లోపల పచ్చడి అదీ లేదు కదా? సెక్యూరిటీలో ఆపేస్తారు."

"అయ్యో, మీకు చెప్పకుండా పెడతానా?"

కుదరదన్న మాట పర్సిస్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమెకి మొదటి నలుగురు పెళ్ళికూతుళ్ళని పంపింది జ్ఞానప్రసూనే. ఆ మొహమాటాన్ని ఆవిడ ఎనిమిదేళ్ళుగా వాడుకుంటూనే ఉంది. డబ్బా పట్టాలంటే బ్యాగ్‌లోంచి ఏదో ఒకటి తీయాలి. పెళ్ళికూతురివి తీయడానికి లేదు. పర్సిస్ తన పట్టుచీర తీసి మంచం మీద పెట్టింది. డబ్బాని ఒక్క తన్ను తన్నాలనిపించింది.

శనివారం పొద్దున్నే ఎయిర్‌పోర్ట్‌లో మెషీన్ లోంచి బ్యాగ్ బయటికి రాలేదు. ఆఫీసరమ్మ దాన్ని పక్కకి లాగింది. డబ్బా మూత తీసింది. పైన రెండు వరసలు సున్నుండలు. వాటి కింద, టవల్‌లో చుట్టి, టేపు వేసి, రెండు కేజీల ఆవకాయ జాడీ. టేపు దాటి నూనె కారుతోంది.

పర్సిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత తేలిగ్గా అబద్ధమాడింది! ఎంత నవ్వు మొహంతో!

ఒక్క అనుమానం వచ్చాక అన్నీ చూడాల్సిందేనంది ఆఫీసరమ్మ. ఆవకాయ నూనె అంటిన గ్లవ్స్‌తోనే తెల్లటి మధుపర్కం చీర మీదికి చెయ్యి చాపింది.

"ఆగండి! గ్లవ్స్ మార్చండి!" పర్సిస్ ఇంగ్లీషులో అరిచిన అరుపుకి వెనక లైనంతా ఆమె వంక చూసింది. ఆఫీసరమ్మ గ్లవ్స్ మార్చింది. అది మటుకు దక్కింది. తర్వాత పిన్నులూడి, కుచ్చిళ్ళు విడిపోయి, ఒకటీ రెండూ కాదు, మూడు చీరలూ టేబుల్ మీద పడ్డాయి. నాలుగున్నర గంటల పని నాలుగు నిమిషాల్లో బూడిదలో పోసినట్టయింది. ఆవిడ డ్యూటీ ఆవిడ చేసింది, ఆవిడనేమనాలి?

జాడీని వదిలేయాలి, లేదా వెనక్కి వెళ్ళి బ్యాగ్ చెక్-ఇన్ చేయాలి అన్నారు. పర్సిస్ జాడీ తీసుకుని చెత్తబుట్టలో వేసింది. అది అడుగున పడ్డ చప్పుడు విని గానీ కదల్లేదు.

మధ్యాహ్నం పన్నెండుకి హోటల్‌కి చేరింది. మూడింటికి ఫోటోలు. నీళ్ళు కూడా తాగకుండా మంచాన్నే టేబుల్ చేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నడుం పట్టేసింది. ఒక్కో కుచ్చిలిలో ఒక్కో తిట్టు మడిచింది. మూడింటికి ఐదు నిమిషాలుండగా అవనికి మొదటి చీర కట్టింది. ఒక్క మడత అటూఇటూ లేదు.

"ఆంటీ, మీ సారీ ఏది?" అంది అవని అద్దంలోంచి ఆమె నల్ల ప్యాంటు చూసి.

"తర్వాత కట్టుకుంటానమ్మా," అంది పర్సిస్. ఆ అబద్ధం ఆడవలసి వచ్చినందుకు ఇంకా మండింది.

మిగతా రెండు చీరలూ కట్టి, తలంబ్రాలయ్యాక, ఖాళీ బ్యాగ్ మీద సున్నుండల డబ్బా పెట్టి లాక్కుంటూ భోజనాల హాల్‌కి వెళ్ళింది. గుమ్మం దగ్గర కుర్రవాడొకడు ఆమె ప్యాంటు వంకా, బ్యాగ్ వంకా చూసి, "వెండర్స్‌కి భోజనం వెనక వైపండీ," అన్నాడు. ఎంతో మర్యాదగానే అన్నాడు. పర్సిస్ వెనక్కే వెళ్ళింది. ఫోటోగ్రాఫర్ల పక్కన ప్లేటు పట్టుకుని నిలబడింది. 

అప్పుడు వచ్చాడు మానవ్, చేతిలో ఆమె బ్యాగంత ఎయిర్ ఫ్రయర్ పెట్టెతో.

"హాయ్ ఆంటీ! అమ్మ బాక్స్ ఇచ్చింది కదా? ఇది అమ్మకి ఇస్తారా, ప్లీజ్? మీ బ్యాగ్ నౌ ఎంప్టీ అంట కదా. చెక్-ఇన్ చేసేయండి."

పర్సిస్ ప్లేటు కింద పెట్టి, బ్యాగ్ మీది డబ్బా తీసి ఇచ్చింది.

"సున్నుండలు ఇవిగో. పచ్చడి డాలస్ చెత్తబుట్టలో ఉంది. మీ అమ్మకి అలాగే చెప్పు."

"వాట్? ఆంటీ, అది అమ్మ..."

"ఆగు." ఆమె బ్యాగ్ జిప్పు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లాగి తెరిచింది. "ఈ డబ్బా కోసం ఇందులోంచి నా పట్టుచీర తీసేశాను. ఇప్పుడు నీ పెట్టె పట్టాలంటే ఇంకేం తీయమంటావో చూసి చెప్పు."

మానవ్ వంగి చూశాడు. ఓ రాత్రి దుస్తుల జత, టూత్‌బ్రష్, స్టీమర్, పిన్నుల డబ్బా. వాడి మొహం ఎర్రబడింది. "సారీ ఆంటీ," అని పెట్టె మీద డబ్బా పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పర్సిస్ జిప్పు వేసింది. వెనక టేబుళ్ళు దాటి, ఆ గుమ్మం కుర్రవాణ్ణి దాటి, హాల్ మధ్యకి నడిచింది. అవని వాళ్ళ టేబుల్ దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నల్ల ప్యాంటుతోనే ఒకదాంట్లో కూర్చుంది, రెండోదాంట్లో బ్యాగ్ పెట్టింది. ఎవరైనా వచ్చి అది తీయమంటారేమో చూద్దామనుకుంటూ, విస్తరి ముందుకు లాక్కుని వడ్డించమంది.