నలభై దాటని ముల్లు

నిన్న ఆఫీసుకు తిరగడానికి బండి కొంటుంటే, కొత్త సీటు వాసనకు చిన్నప్పుడు నాన్న కొన్న మోటారుసైకిల్ గుర్తొచ్చింది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటొద్దని మెకానిక్ చెప్పాడు. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ బడి దాకా ట్యాంకు మీద కూర్చుని రోజూ మీటరు చూసేదాన్ని. చిక్కడపల్లిలో ఒక ఆటో అతను పక్కకొచ్చి, "అన్నా, నూకాల్నా?" అని నవ్వితే సిగ్గేసింది.

వెయ్యి నిండగానే, "నాన్నా, అయిపోయినయ్. ఇగ ఉరికియ్యి," అన్నాను.

"ఇంజన్ ఇంకా సెట్ కాలే బిడ్డా. జర ఆగు."

మూడువేలు దాటినా ముల్లు నలభై దాటలేదు. మాకు చెడ్డ బండి అంటగట్టారనుకున్నాను.

ఒకరోజు బడి దగ్గర దిగి వెనక్కి చూస్తే, నాన్న ఒక్కడే రివ్వున పోతున్నాడు.

వేగంగా పోతే పడిపోతావని నాన్న ఒక్కసారి అనుంటే, నేను రోజూ భయపడుతూ కూర్చునేదాన్ని. అందుకే నింద మొత్తం ఇంజను మీద వేశాడు.