మోకాళ్ళకు చాలని బొంత

నేను గ్లాస్గోలో చదువుతున్న రోజుల్లో మస్కట్ నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళు నన్ను చూడటానికి వచ్చారు. ముగ్గురం ఒకే స్కూల్లో చదువుకున్నాం. ఒకదాని నాన్నకి మస్కట్ పాత బజారు మత్రాలో బట్టల కొట్టు ఉంది. అందుకని దాన్ని చిన్నప్పట్నుంచీ మత్రా పిల్ల అనే పిలిచేవాళ్ళం. రెండోది అల్ ఖౌద్‌లో మా బిల్డింగులోనే, మా పై అంతస్తులో ఉండేది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు, నర్సాపురం వైపు నుంచి వచ్చినావిడ. కూతుర్ని చిన్నదీ అని పిలిచేది. మాకూ అదే అలవాటైంది.

చిన్నది ఉందంటే పెద్దది ఉన్నట్టే కదా. ఉంది. కానీ ఆ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. పెద్దక్క కూడా నర్సే. మస్కట్‌లో కొన్నాళ్ళు చేసి, పరీక్షలు రాసి ఐర్లండ్ వెళ్ళింది. అక్కడ తనతో పనిచేసే ఒక మలయాళీని ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. అతను అంతకుముందే భార్య పోయినవాడు, పైగా క్యాథలిక్కు. వాళ్ళమ్మ, మా ఆంటీ, మాత్రం ప్రొటెస్టెంటు. ఆదివారం ప్రార్థన తప్పితే అన్నం కూడా ముట్టని మనిషి, తన సంఘం తప్ప మరో సంఘం గుమ్మం తొక్కి ఎరగదు. పెళ్ళి కబురు తెలిసిన రోజు ఆవిడ ఏడవలేదు, అరవలేదు. గోడ మీది ఫొటో తీసి బీరువాలో పెట్టి, తాళం వేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు ఒక్కతే కూతురు అనేది.

చిన్నది బ్రిటన్ వెళ్ళేది నన్ను చూడటానికని ఇంట్లో చెప్పింది. అసలు సంగతి వేరు. అక్కకి పాప పుట్టింది. ఆ పాపని చూడాలి, ఎలాగోలా అమ్మనీ అక్కనీ కలపాలి. దాని ప్రాణమంతా అక్కడే ఉంది. అయితే ఐర్లండ్‌కి వేరే వీసా కావాలి. దానికి పాస్‌పోర్టు మళ్ళీ కొన్ని వారాలు ఇచ్చెయ్యాలి. ఇంట్లో పాస్‌పోర్టులన్నీ ఉండేది ఆంటీ బీరువాలో. ఎందుకే అని అడిగితే ఏం చెబుతుంది? కాబట్టి దాని దగ్గరున్నది బ్రిటన్ వీసా ఒక్కటే. నాకూ, మత్రా పిల్లకీ అంతే. పెద్దక్కకేమో ఐర్లండ్ కార్డు ఉంది, బ్రిటన్ వీసా లేదు. అటువాళ్ళు ఇటు రాలేరు, ఇటువాళ్ళు అటు పోలేరు.

వాళ్ళొచ్చిన రోజు నా రూమ్‌లో సూట్‌కేసు విప్పారు. గల్ఫ్ నుంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా సగం సామాను ఇతరులదే. మా అమ్మ ఆవకాయ, మత్రా పిల్ల వాళ్ళమ్మ సున్నుండలు, ఒమనీ హల్వా డబ్బా బయటికొచ్చాయి. అడుగున ఆంటీ నాకోసం కుట్టి పంపిన బొంత ఉంది. నీలం పాత చీరని మడతలు వేసి చేత్తో కుట్టింది. చలిదేశం కదా, చదువుకునేటప్పుడు మోకాళ్ళ మీద కప్పుకోమని చెప్పిందట. కప్పుకున్నాను. ఒక మోకాలు కప్పితే రెండోది బయటికొస్తోంది. నన్ను పుట్టినప్పట్నుంచీ చూస్తోంది, నా కొలత తెలీదా మీ అమ్మకి అని విసుక్కున్నాను. చిన్నది దాన్ని నా దగ్గర్నుంచి తీసుకుని ముఖానికి ఆనించుకుంది. అది వాళ్ళమ్మ నైట్ డ్యూటీ చేసి వచ్చి, స్నానం చేసి కట్టుకునే చీర. చలికి మెడకి నేను చుట్టుకుంటానే అంది. సరే ఏడువు అన్నాను.

లండన్ చూశాం, ఎడిన్‌బరా చూశాం. కోట మీద నిలబడితే వాన. గొడుగు తిరగబడి, బూట్లలోకి నీళ్ళు పోయి, మత్రా పిల్ల ముఖం మాడ్చుకుంది. ఈ వాన చూడ్డానికి ఇంత దూరం రావాలా, ఖరీఫ్‌కి సలాలా పోయుంటే సరిపోయేదిగా అని సణిగింది. ఎండాకాలంలో సలాలాలో పడే ఆ ఖరీఫ్ తుంపర కోసం మస్కట్ వాళ్ళందరూ కార్లు కట్టుకుని ఎడారంతా దాటి పోతారు మరి. నేను నవ్వాను. చిన్నది నవ్వలేదు. ఏ కోట దగ్గరా, ఏ వంతెన దగ్గరా అది సరిగ్గా నిలబడి ఫొటో దిగలేదు. ఎప్పుడూ ఫోను చూసుకుంటూనే ఉంది. ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది. ఇంత దూరం వచ్చి చూడవేమే అనేదాన్ని.

అక్కడి నుంచి బస్సులో రేవుకి పోయి, ఓడలో బెల్‌ఫాస్ట్ వెళ్ళాం. ఐర్లండ్ దీవిలోనే ఉన్నా అది కూడా బ్రిటన్ కిందికే వస్తుంది కాబట్టి మా వీసాలు చెల్లుతాయి. ఊళ్ళో యాత్రికులకి చూపించే వాటిలో ఒక గోడ ఉంది. గోడంటే మామూలు గోడ కాదు, మేడ ఎత్తున వీధి పొడుగునా ఉంది. ఒక పక్క ప్రొటెస్టెంట్ల ఇళ్ళు, ఇంకో పక్క క్యాథలిక్కుల ఇళ్ళు. కొట్లాటలు ఎప్పుడో చల్లారినా గోడ మాత్రం తీయలేదని, సాయంత్రమైతే ఇప్పటికీ కొన్నిచోట్ల గేట్లు మూస్తారని చూపించినాయన చెప్పాడు. వచ్చినవాళ్ళందరూ దాని మీద పెన్నుతో పేర్లు రాస్తున్నారు. మత్రా పిల్ల పెన్ను తీసి చిన్నదాని చేతికిచ్చింది. అది రాయలేదు. గోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మా ఇంట్లో కూడా ఉందే ఇది," అంది. "కాకపోతే ఎవరూ చూడ్డానికి రారు."

దాని చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి తీసుకొచ్చాను.

మర్నాడు ఐర్లండ్ సరిహద్దుకి బయల్దేరాం. మా పథకం మాకుంది. మస్కట్ నుంచి దుబాయ్ వెళ్ళేటప్పుడు హట్టా దగ్గర ఇటు ఒమన్ చెక్‌పోస్టు ఉంటుంది, అటు దుబాయ్ వాళ్ళ పోస్టు ఉంటుంది, మధ్యలో కాస్త రోడ్డు ఎవరిదీ కాదు. చిన్నప్పట్నుంచీ ఆ రోడ్డు మీద కారులో కూచుని, ఇప్పుడు మనం ఏ దేశంలో ఉన్నాం నాన్నా అని అడిగినవాళ్ళమే. ఇక్కడా అలాగే ఉంటుందనుకున్నాం. పోస్టులో ఉన్నవాళ్ళని బతిమాలుకుని ఆ మధ్య రోడ్డు మీదికి పోతాం, అక్క అటు నుంచి వస్తుంది, కాసేపు చూసుకుని ఎవరి దేశానికి వాళ్ళు పోతాం. మా నాన్నకి అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ దగ్గర జిరాక్సు షాపు ఉంది. కాగితం లేనిదే కాలు కదపకూడదని నేర్పిన మనిషి. పాస్‌పోర్టులు, వీసాలు, ఒమన్ రెసిడెంట్ కార్డులు, అన్నీ ముగ్గురివీ కాపీలు తీసి ఫైల్లో పెట్టాను. తెల్ల బ్యాక్‌గ్రౌండు ఫొటోలు కూడా పెట్టాను. అక్కడ పోస్టు లేదే, ఏమీ లేదే అని పెద్దక్క ఫోన్లో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. మేం నమ్మలేదు. దేశం మారుతుంటే పోస్టు లేకుండా ఎలా ఉంటుంది?

సరిహద్దుకి ముందు ఊళ్ళో బస్సు దిగి టాక్సీ ఎక్కాం. పోస్టుకి కాస్త ముందే ఆపమని డ్రైవరుకి చెప్పాను. ఏ పోస్టు అన్నాడు ముసలాయన. కొండల మధ్య పాత రోడ్డు, అటూ ఇటూ గొర్రెలు. ఉన్నట్టుండి మా ఫోన్లు మూడూ ఒకేసారి మోగాయి. ఐర్లండ్‌కి స్వాగతం అని మెసేజ్. ఆపండి, ఆపండి అని మత్రా పిల్ల డ్రైవరు సీటు పట్టుకుని ఊపేసింది. కారు దిగి, వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు ముగ్గురం వచ్చిన దారినే నడిచాం. ఫైలు గుండెకి హత్తుకుని నేను ముందు. ఆ ముసలాయన కారుకి ఆనుకుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు.

సరిహద్దు ఏదో అప్పుడు కనబడింది. రోడ్డు పక్కన తెల్లగీత ఒకచోట ఆగిపోయి పసుపుగీత మొదలవుతుంది. తారు రంగు కొద్దిగా మారుతుంది. అంతే. మేం తెల్లగీత వైపు వచ్చి నిలబడి ఊపిరి పీల్చుకున్నాం.

పెద్దక్క పసుపుగీత వైపు నుంచి పాపని ఎత్తుకుని నడిచొచ్చింది. కారు దూరంగా ఉంది, అందులో ఆయన కూచుని ఉన్నాడు. తారు రంగు మారినచోటికి వచ్చి ఆగిపోయింది. ఆమె పౌరసత్వం కాగితాలు పరిశీలనలో ఉన్నాయి, ఒక్క తప్పటడుగు పడినా మొత్తం పోతుందని భయం. చిన్నదీ ఆగిపోయింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. అయినా ఇద్దరిలో ఒక్కరూ కాలు ముందుకు వెయ్యలేదు. కార్డు జేబులో లేకుండా వీధి చివరి కొట్టుకి కూడా వెళ్ళనివ్వని పెంపకం మాది. గీతకి అటొకరు, ఇటొకరు నిలబడి, ముందుకు వంగి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. పాప మధ్యలో నలిగిపోయి గుక్కపట్టింది.

గాలి కోసేస్తోంది. పెద్దక్క పాపని గీత మీదుగా చిన్నదాని చేతుల్లో పెట్టింది. చిన్నది మెడకున్న బొంత తీసి పాపకి చుట్టింది. తల దగ్గర్నుంచి పాదాల దాకా, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఒక్క అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు. చిన్నది నావైపు చూసింది. నేను దానివైపు చూశాను. నా మోకాళ్ళకి ఎందుకు చాల్లేదో అప్పుడు అర్థమైంది. పాప సంగతి ఆంటీకి ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో, మేం అక్కని కలుస్తామని ఎలా కనిపెట్టిందో మాకెవరికీ తెలీదు. డ్యూటీ నుంచి వచ్చి, చిన్నది నిద్రపోయాక ఒక్కతే కూచుని కుట్టుంటుంది.

పెద్దక్క నీలం అంచు పట్టుకుని చూసింది. "ఇది అమ్మదే," అంది. "నాకు పంపిందా?"

అక్క దగ్గర చిన్నదానికి అబద్ధం చేతకాదు. ఆంటీ చెప్పిన మాట చెప్పినట్టే చెప్పేసింది, ఆ మోకాళ్ళ సంగతే. పెద్దక్క ఏడుస్తూనే నవ్వింది. మత్రా పిల్ల ఫొటో తీద్దామని ఫోనెత్తింది. ఒమన్‌లో వాట్సాప్ కాల్ కలవదు, ఫొటో అయినా పంపితే ఆంటీ చూస్తుందని దాని ఆశ. పెద్దక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. ఫొటో చూసి ఫోను పక్కన పెట్టేస్తది. మనవరాలు కావాలంటే అమ్మే అడగాలి. ఒక్క మాట అడిగితే చాలు నాకు."

చిన్నది పాపని ముద్దుపెట్టుకుని బొంతతో సహా తిరిగి ఇచ్చేసింది. వాళ్ళ కారు మలుపు తిరిగే దాకా చూసి, మేం ఏ దేశంలో ఉన్నామో మళ్ళీ ఒకసారి గీత చూసుకుని, ముసలాయన టాక్సీని ఇటువైపు పిలిచి ఎక్కాం. తరవాత బెల్‌ఫాస్ట్‌లో ఏం చూశామో నాకు గుర్తులేదు.

సెలవులకి నేను మస్కట్ వెళ్ళాను. పైకి, వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆంటీ డ్యూటీ నుంచి వచ్చి, నాకోసం అట్లు పోస్తోంది. చిన్నది గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వచ్చి ఇన్నాళ్ళైనా అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదట, భయం. ఆంటీ నా చదువు అడిగింది, తిండి అడిగింది. పెనం మీంచి చూపు తిప్పకుండా, బొంత సరిపోయిందా అని అడిగింది.

అవునని ఊరుకోవచ్చు. కానీ ఆ ఇంట్లో అందరూ ఊరుకోవడం చూసీ చూసీ నాకు విసుగెత్తిపోయింది. "నాకు చాల్లేదు ఆంటీ," అన్నాను. "పెద్దక్క పాపకి సరిగ్గా సరిపోయింది."

ఆ పేరు ఆ ఇంట్లో వినపడి ఎన్నేళ్ళయిందో. అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఆంటీ స్టవ్ ఆపి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది.

"పాదాలు బయటికి రాలేదు కదా?" అంది.

"లేదు ఆంటీ."

"ఫొటో ఉంటే చూపించవే," అంది చిన్నదానితో.

"అక్క తియ్యనివ్వలేదమ్మా. నువ్వే అడగాలంది."

ఆంటీ పడగ్గదిలోకి వెళ్ళింది. తలుపేసుకుంటుందేమోనని చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల బీరువా తాళం తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి తన పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది.

"మీ నాన్న షాపుకి పట్టుకెళ్ళమ్మా," అంది. "ఐర్లండ్ వీసాకి ఏమేం కావాలో కనుక్కుని, అన్నీ తీయించు."