కింది చేను తిన్న యూరియా

నా తెలివితేటలతో నా పంటను నేనే ముంచుకుని, పక్క చేనును పచ్చగా పండించిన వైనం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. మా అత్తవారి ఊరు అంగలకుదురు ఎప్పుడో నవ్వేసింది.

అరవైల చివర్లో మాట. హైబ్రిడ్ మొక్కజొన్న మా వైపు కొత్త. మావయ్యగారు కాలవ పక్క పొలాన్ని రెండుగా చేసి, పై చేను నాకు, కింది చేను మా బావమరిది రాఘవకు అప్పగించారు.

"ఎవరి కండెలు బాగుంటే వచ్చే ఏడు నుంచి పెత్తనం వాళ్లది," అన్నారు.

నేను రేపల్లె నుంచి ఇల్లరికం వచ్చిన కొత్త అల్లుణ్ణి. గెలిస్తే యజమానిని, ఓడితే ఆ ఇంట్లో జీవితాంతం చుట్టాన్ని. అందుకే బాపట్లలో రైతుల శిక్షణకు కూడా వెళ్లొచ్చాను. యూరియాలోని నత్రజనితో పైరు ఏపుగా లేస్తుందని పొద్దున చెప్పారు. ఎప్పుడెంత వెయ్యాలో మధ్యాహ్నం చెప్పారట. అప్పుడు నేను సినిమా హాల్లో ఉన్నాను.

"బావా, యూరియా మూడు దఫాలుగా వెయ్యాలంట గదా?" అన్నాడు రాఘవ.

"అది పిరికోళ్ల పద్ధతిరా. ఆకలేసినోడికి విస్తరి నిండా పెడతామా, చిటికెడు చిటికెడు విదిలిస్తామా?"

"మూడు పూటలా పెడతాం గదా బావా!"

బావమరిది మాట వినే బావ ఎక్కడైనా ఉన్నాడా? మోకాలెత్తు పైరుకు ఉన్న యూరియా అంతా ఒక్కసారే చల్లేశాను. బాగా ఒంటబట్టాలని తూము బార్లా తెరిచి, ఇంటికొచ్చి, పెరుగన్నం తిని కునుకు తీశాను. తిరిగి వెళ్లేసరికి నా చేను చెరువైంది. నీళ్లు గట్టు దాటి కింది చేలోకి దూకుతున్నాయి.

"బావా, నీ నీళ్లన్నీ నా చేలోకొస్తన్నాయి!"

"రానీరా! మనలో మనకి నీళ్ల దగ్గర లెక్కలేంటి?" అన్నాను దర్జాగా. నీళ్లతోపాటు నా యూరియా కూడా కరిగి తరలిపోతోందని నాకేం తెలుసు?

కొన్నాళ్లకు నా చేను దుగ్గిరాల పసుపు రంగుకు తిరిగింది. రాఘవ చేను మనిషెత్తు లేచి నిగనిగలాడింది. నాకు కడుపు మండిపోయింది.

"ఏం మందేశావురా?"

"రెండో దఫా ఇంకా వెయ్యనే లేదు బావా! బస్తా విప్పితే ఒట్టు. నీ నీళ్లొచ్చాక దాంతో పనే పడలా."

కండెలు విరిచిన రోజు అతనివి మోచేతంత, నావి బొటనవేలంత. తల దించుకుని, "పెత్తనం రాఘవకే ఇవ్వండి మావయ్యగారూ," అన్నాను.

"ఇస్తానండి అల్లుడుగారూ. పై చేను మాత్రం ఎప్పటికీ మీదే. మీరు పైనుంటే కింది చేనుకి ఎరువు కొనక్కర్లేదు."

ఆ క్షణమే కాలవ నీళ్లు దోసిట పట్టి ఒట్టేసుకున్నాను. ఇక మీదట యూరియా మూడు దఫాలుగానే వేస్తాను. మొక్క మొదలు దగ్గర వేసి మట్టి కప్పి, పైపైన తడుపుతాను. ప్రాణం పోయినా సరే, బావమరిదికి ఒక్క యూరియా పలుకు కూడా దానం చెయ్యను.