ధాన్యం ఎత్తాక

రాజోలులో రొయ్యల చెరువులు చూసుకునే లక్ష్మీతులసికి ప్రాణమంతా తన టర్బో కారు మీదే. కిందటేడు సిటీలో ఒక ట్యూనర్ దాని జోరు పెంచుతానని కంప్యూటర్ సెట్టింగులు మార్చి, ఇంజిన్ కాల్చేశాడు. బాగుచేయించుకున్నాక ఆమె తాళం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అమలాపురంలో అప్పలస్వామి ఈ ట్యూనింగ్ పని నమ్మకంగా చేస్తాడని నలుగురూ చెప్పగా అతని షెడ్డుకి వెళ్ళింది. బండి తనే నడుపుతానంది. అతను ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఇంజిన్ పూర్తి జోరులో ఎలా ఉందో ఒక్కసారి చూడాలనీ, కాలవగట్టు మీది తిన్నని రోడ్డు అందుకు బాగుంటుందనీ అన్నాడు.

తీరా వెళ్తే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఒకామె కాళ్ళతో తిరగేస్తోంది.

"ఇటు సగం ఖాళీయే కదండీ. లాగించేయనా?" అంది లక్ష్మీతులసి.

"వద్దండి. మన జోరుకి గింజలన్నీ కాలవలో పడతాయి. ధాన్యం ఎత్తేక చూద్దామండి."

"సిటీలో ఆయన గంటలో చేసేసేరండి!"

"ఆయ్. అందుకే కదండీ ఇంజిన్ విప్పించుకున్నారు."

ఆమెకి నవ్వాగలేదు. కారు మెల్లగా దాటుతుంటే ధాన్యం దగ్గరామె కేకేసింది.

"ఏవండోయ్, అంత మోత పెట్టి నత్తలా వెళ్తారేంటండీ?"

"ధాన్యం ఎప్పుడెత్తుతారో చెప్పండి, అప్పుడు చూద్దురుగాని!" అంది లక్ష్మీతులసి.

"ఎండ ఇలాగే కాస్తే ఎల్లుండికి ఎత్తేస్తామండి."

షెడ్డుకి తిరిగొచ్చాక ఆమె తాళం అప్పలస్వామి చేతిలో పెట్టి, రాజోలు బస్సు ఎక్కడాగుతుందని అడిగింది.